పుర్రచేతి క్లోజప్

ముప్పై ఒకటి. ఇందాక చూసినప్పుడూ ముప్పై ఒకటే. తెర అడుగున పచ్చగీత నత్తకి నడక నేర్పేలా ఉంది, అంకెకి అర నిమిషం చొప్పున పాకుతోంది, నూరుకి చేరిందంటే సినిమా ఎక్స్‌పోర్ట్ అయిపోయినట్టే, ఒంటిగంటలోపు టీవీ వాళ్ళకి పంపితే సాయంత్రం ఏడింటికి ఊరు ఊరంతా చూస్తుంది, సంగీతం రాసిన మేష్టారి జీవితం, యాభై రెండు నిమిషాలు, చివర్లో కూర్పు అన్న మాట పక్కన తన పేరు. పెళ్ళయ్యాక తెరమీద పడబోయే మొదటి పేరు. నిన్నటిదాకా ఆ సంగతి తలుచుకుంటేనే అరికాళ్ళలో చక్కిలిగింతలు. పెళ్ళయి ఇరవై రెండు రోజులు, ఈ ఇరవై రెండు రోజులూ అయినదానికీ కానిదానికీ నవ్వింది ఆమె, ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిద్రపోతున్నాయని నవ్వింది, గుత్తిలో కొత్త ఇంటి తాళంచెవి మిగతావాటికన్నా మిడిసిపడుతూ మెరుస్తోందని నవ్వింది, పెళ్ళిదాకా "మీరు" అన్న మనిషిని పెళ్ళి రోజు సాయంత్రం "నువ్వు" అనేసి, మర్నాడు వాళ్ళ అమ్మమ్మ ఎదురుగా మళ్ళీ "మీరు" అనబోయి నాలుక మడతపడి "నుమీరు" అన్నందుకు అయితే ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇవాళ పొద్దుటి నుంచీ నవ్వు రావడంలేదు. పచ్చగీత పక్కనే ఆపేసే బొత్తం ఉంది, వేలు దాని మీదే ఉంది. ఆపితే ఎందుకాపావని అడుగుతారు, చెప్పాలి, చెప్పాలంటే ముందు మొగుణ్ణి నిలదియ్యాలి, నిలదీస్తే అతను ఏం చెబుతాడో, చెప్పాక ఆ రెండు బ్రష్‌లూ ఒకే గ్లాసులో అలాగే వాలి ఉంటాయో ఉండవో. ముప్పై రెండు.

గొడవంతా నాలుగు సెకన్ల గురించి. నలభై ఒకటో నిమిషంలో, నలుపు తెలుపులో, మేష్టారు బల్ల ముందు కూచుని పక్కకి చూస్తారు, ఆ వెంటనే క్లోజప్, చొక్కా కఫ్, పాళీ కలం, స్వరాలు రాసే గీతల కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ పోయే చెయ్యి, అందులో చిటికెన వేలు మాత్రం కాగితానికి తగలకుండా పిట్టతోకలా పైకి లేచి ఉంటుంది, వెనకనించి వ్యాఖ్యానం, "ఆ సంగీతమంతా పుట్టింది ఈ చేతిలోంచే." ఎనిమిది నెలల్లో ఆ ముక్కని ఎన్ని వందల సార్లు చూసి ఉంటుంది! చూసినన్నిసార్లూ చూడనిది ఇవాళ పొద్దున చూడకుండానే కనపడింది. అది ఎడమచెయ్యి. మేష్టారిది కుడిచేతి వాటం. వాద్యబృందాన్ని నడిపేది కుడిచేత్తో, సంతకం చేసేది కుడిచేత్తో, మెళ్ళో వేలాడే స్టాప్‌వాచ్‌ని టక్కున నొక్కేది కుడి బొటనవేలితో, అన్నీ తన చేత్తో కోసి అతికించిన షాట్‌లే, కళ్ళు మూసుకున్నా కనపడతాయి. మరి ఆ పుర్రచెయ్యి ఎవరిది?

ఎవరిదో తెలుసు. అదే కదా బాధ. పొద్దున టీ తాగుతుంటే అమ్మమ్మగారు, అంటే మొగుడి తల్లికి తల్లి, ముందు గదిలో కిటికీ పక్కన మంచం ఆవిడది, లాండ్రీకి వేసే బట్టల జాబితా రాస్తున్నారు, దుప్పట్లు మూడు, దిండు గలేబులు ఆరు, పుర్రచేత్తో, చిటికెన వేలు పిట్టతోకలా ఎత్తి. ఆ వేలు చూడగానే ఆమె చేతిలో కప్పు ఆగిపోయింది. అయినా ముచ్చటేసి, నిజంగా ముచ్చటేసే, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి మరి, "అచ్చు వేసినట్టు రాస్తారే అమ్మమ్మగారూ, ఎవరు నేర్పారండీ?" అంది. ఆవిడ తలెత్తకుండానే, "మేష్టారి దగ్గర నాలుగేళ్ళు నకళ్ళు రాశాను కదమ్మా, తప్పు రాస్తే ఊరుకునేవారా," అంది. అని, అన్నది తన చెవికే వినపడి, కలం మూత పెట్టేసింది. అతను గోడగడియారం వంక చూశాడు. గడియారం పన్నెండు రోజులుగా ఆగిపోయే ఉంది, బ్యాటరీ మారుస్తానని రోజూ అంటున్నాడు, దాంట్లో ఏముంది చూడ్డానికి? అమ్మమ్మగారు లేచి మంచం దగ్గరికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున ఎనిమిదింటికి! మూడు దుప్పట్లు, ఆరు గలేబులు, జాబితా బల్లమీదే ఉండిపోయింది. నలభై.

నకళ్ళంటే ఏమిటో ఈ సినిమా పుణ్యమా అని ఆమెకి బాగా తెలుసు. మేష్టారు అన్ని వాద్యాలదీ కలిపి ఒకే పెద్ద కాగితం మీద రాసేవారు, దాన్నుంచి వయొలిన్ వాళ్ళకి వయొలిన్‌ది, క్లారినెట్ అతనికి క్లారినెట్‌ది విడివిడిగా చేత్తో దించి ఇవ్వాలి, ఆ పని చేసేవాళ్ళు నకలు రాసేవాళ్ళు. సినిమా మొదలుపెట్టిన వారమే దర్శకుడు అందర్నీ కూచోబెట్టి, "ఆ నకళ్ళు రాసినవాళ్ళు ఎవరైనా దొరికితే మన పంట పండినట్టే," అన్నాడు, అప్పుడు సౌండ్ చూసే మనిషి, అప్పటికింకా సౌండ్ చూసే మనిషే, మొగుడు కాదు, తల వంచుకుని వైర్లు చుట్టుకుంటూ, "వాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు," అన్నాడు. తనూ ఆ గదిలోనే ఉంది. ఎంత చక్కటి గొంతు అనుకుంది కూడా, సిగ్గులేకపోతే సరి. బతికి లేరట! కిటికీ పక్కన మంచం మీద కూచుని, పెళ్ళికి ముందు మొదటిసారి నువ్వు ఇంటికొచ్చినప్పుడు ఎడమకాలి చెప్పు తెగి ఉంది కదమ్మాయ్ అని గుర్తుచేసేంత నిక్షేపంగా బతికున్న మనిషిని పట్టుకుని. ఒక్క అబద్ధం దొరికాక దాని చుట్టాలన్నీ వరసగా గుమ్మంలోకి వచ్చాయి. రోజూ నాలుగింటికి రెండు టీలు పట్టుకుని ఎడిటింగ్ గదికి వచ్చేవాడు, వెనకాల నిలబడి తెర చూస్తూ, "పాత కాగితాలు ఇంకేమైనా దొరికాయాండీ?" అని అడిగేవాడు, ఆ "అండీ"కే ఆమె సగం కరిగిపోయింది, మిగతా సగం టీకి. టీ తెచ్చాడా, కాపలా కాశాడా? తనని చూడ్డానికి వచ్చాడా, తన తెరమీద ఏం కనపడుతోందో చూడ్డానికి వచ్చాడా? ఎనిమిది నెలల టీలన్నీ ఇప్పుడొక్కసారిగా గొంతుకి అడ్డంపడ్డాయి. నలభై ఏడు.

పోనీ ఆ చేతిని వదిలేద్దాం అనుకున్నా వదలనివ్వని ముక్క ఇంకోటుంది. మేష్టారు కచేరీ హాళ్ళకి ఎంత రాశారో డాక్యుమెంటరీలకీ టీవీకీ అంతకు రెండింతలు రాశారు, సీసాల ఫ్యాక్టరీ మీద సినిమాకి పదకొండు సెకన్ల ముక్క, సముద్రపు పక్షుల మీద ఆరు నిమిషాలు, వార్తల ముందు వచ్చే ఆ తొమ్మిది సెకన్ల బాణీ, దాన్ని విన్నాకే ఊళ్ళో పిల్లలు హోంవర్కు తీసేవాళ్ళు. అన్నిటికన్నా పేరొచ్చింది వంతెన సినిమా సంగీతం. యాభై అయిదేళ్ళ కిందట, టీవీ స్టూడియోలో పైన తెరమీద వంతెన కట్టే సినిమా నడుస్తుంటే కింద వాద్యబృందం కూచుని అప్పటికప్పుడు వాయించేది, తప్పు పోతే దిద్దుకోవడానికి లేదు, పోయింది పోయినట్టు ప్రతి ఇంట్లోకీ పోతుంది. అందులో ఆఖరి ఉక్కు దూలం రెండువైపుల్నీ కలిపేచోట క్లారినెట్ ఒక్కటే ఒక స్వరం పట్టుకుంటుంది, దిగుతుందనుకున్నది దిగకుండా పైనే నిలబడిపోతుంది. వింటే ఎవరికైనా సరే ఊపిరి ఆగుతుంది. ఆ స్వరం గురించి గడ్డమాయన, ఆయన సంగీత పండితుడు, గడ్డం నిమురుకోకుండా ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేడు, సినిమాలో రెండు నిమిషాలు మాట్లాడతాడు. మేష్టారి అసలు కాగితం కెమెరాకి చూపిస్తాడు, చుక్క ఎంత పై గీత మీద ఉంటే స్వరం అంత పైన, ముందు కింది గీత మీద నల్లచుక్క ఉంది, దాన్ని కొట్టేసి పై గీత మీద ఎర్రపెన్సిల్‌తో ఇంకో చుక్క. "ఇదీ మహానుభావుడి రెండో ఆలోచన," అంటాడు. నిన్నటిదాకా ఆమెకీ అది మహానుభావుడి రెండో ఆలోచనే. ఇవాళ మాత్రం, రెండో ఆలోచనా, రెండో మనిషా? పేజీ అంతా నల్లసిరా, ఆ ఒక్కటీ ఎర్రపెన్సిల్. పేజీలోకల్లా గొప్పది ఆ ఒక్క చుక్కే. నాలుగేళ్ళు ఆ ఇంట్లో కూచుని రాసింది నకళ్ళేనా, లేక అసలు కూడానా?

తలుపు తోసుకుని దర్శకుడు తలొక్కటీ లోపల పెట్టాడు. "కొత్త పెళ్ళికూతురా, ఎంతయింది?"

"యాభై అయిదు."

"మరి ఆ మొహమేంటి, గీత పాకుతోంటే నువ్వు మోస్తున్నట్టు?"

"ఏం లేదు సార్, నిద్ర చాల్లేదు."

"పెళ్ళయిన మూడోవారం మా ఆవిడా సరిగ్గా ఇలాగే కూచునేది. ఏమైందే అంటే, ఏం లేదు అనేది. ఆ ఏం లేదు ఏంటో ఇరవై ఆరేళ్ళకి చెప్పింది." నవ్వి తలుపు వేసేశాడు, మళ్ళీ తీసి, "ఒంటిగంట! దాటితే వాళ్ళు పాత ప్రోగ్రాం వేసేసుకుంటారు, శతజయంతి మళ్ళీ నూరేళ్ళకే," అనేసి వెళ్ళిపోయాడు. ఆయన మొహంలో అనుమానపడాల్సిందేమైనా ఉందా అని ఆమె తలుపుని అర నిమిషం చూసింది. లేదు. ఆయన మొహంలో టీ మరక తప్ప ఏం లేదు. ఇదిగో, ఇలా తయారైంది తన బుద్ధి, అనుమానం పెనుభూతం అంటే ఏంటో అనుకునేది, ఇప్పుడది ఎదురు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూచుంది.

పోనీ అది నిజమే అనుకుందాం. అమ్మమ్మగారే రాసిందనుకుందాం. అయితే ఇంట్లో మేష్టారి సంగీతం వస్తే ఎందుకు ఆపేస్తుంది? అవును, ఆపేస్తుంది. పెళ్ళయిన నాలుగో రోజో అయిదో రోజో రేడియోలో వంతెన సంగీతం వస్తుంటే ఆవిడ మంచం దిగి వచ్చి మరీ ఆపింది, తలనొప్పమ్మా అంది, తను తలకి మందు రాస్తానంటే వద్దంది, అయిదు నిమిషాల తర్వాత వేరే పాట వస్తే తలనొప్పి దానంతటదే తగ్గిపోయింది. తన పిల్లని ఇంకొకరి పిల్లగా చూడలేక చెవులు మూసుకునే తల్లిలా లేదూ? మరి మనవడు అదే మేష్టారి మీద సినిమాకి సౌండ్ చేస్తూ, ఎడిటర్ని పెళ్ళి చేసుకుని, నోరు మెదపడేం? ఎడిటర్ని పెళ్ళి చేసుకుని. ఇక్కడికొచ్చి ఆగింది మనసు, అడుసులో కాలు దిగినట్టు. ఎడిటర్ అంటే ఏ ముక్క ఉండాలో ఏ ముక్క పోవాలో తేల్చే మనిషి. అలాంటి మనిషి ఇంట్లో మనిషైపోతే ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుంది. అమ్మ ఫోన్లో, "అల్లుడు బంగారం," అంటే, "బంగారం కాదే, సైలెంటు," అని తను నవ్విన నవ్వు. ఇదా ఆ సైలెంటు? అరవై ఎనిమిది. సాయంత్రం ఏడింటికి ఈ అబద్ధం ఊరంతా వింటుంది, ఈ చేతిలోంచే పుట్టిందని, ఆ చెయ్యి గలామె కిటికీ పక్కన గోడవైపు తిరిగి పడుకుని ఉంటుంది, కూర్పు తనది.

ఊరికే కూచోలేక పక్కనున్న లాప్‌టాప్ తెరిచింది. నిన్న సాయంత్రం అతను సౌండ్ అంతా కలిపి పంపిన కాపీ ఉంది, "ఒక్కసారి విను," అని కింద రాశాడు, వినలేదు, నమ్మకం, నిన్నటి నమ్మకం. ఈ గదిలో రెండు స్పీకర్లలో ఎడమది చచ్చిపోయి పదిరోజులైంది, అన్నీ కుడిదాంట్లోంచే వింటోంది. అతని హెడ్‌ఫోన్స్ బల్లమీదే వదిలేసి వెళ్ళాడు, పెట్టుకుంటే అతని చెవుల వెచ్చదనం ఉన్నట్టే ఉంది, ఛ, ఉండదు, పొద్దుటి నుంచీ ఎవరూ పెట్టుకోలేదు, అయినా ఉంది. నలభై ఒకటో నిమిషం. చెయ్యి. కలం చప్పుడు, క్ర్‌ర్, క్ర్‌ర్. ఈ చప్పుడు పుట్టినప్పుడు తనూ అక్కడే ఉంది. పెళ్ళయిన మూడో రోజు. ఇంట్లో ఎక్కడ కూచున్నా రోడ్డు చప్పుడొస్తోందని బట్టల బీరువాలో దూరాడు, పాళీ, పాత కవరు, మైకు పట్టుకుని, "నువ్వూ రా, టార్చి పట్టుకోవాలి," అన్నాడు, వేలాడే చొక్కాల మధ్య మోకాళ్ళు మోకాళ్ళు తగులుతూ ఇద్దరూ, "ఊపిరి పీల్చకు, మైకులో పడుతుంది," "నా ఊపిరా, నీదా?" "ఇద్దరిదీ," నవ్వాపుకోలేక టార్చి వణికిపోయి, పదకొండోసారికి గానీ సరిగ్గా రాలేదు. అలాంటి మనిషి. అలాంటి మనిషి కాపలాకి టీ తెస్తాడా? కళ్ళు మూసుకుని ఇంకోసారి వింది. క్ర్‌ర్ అని కుడి చెవిలో మొదలైంది, నుదుటి మీదుగా పాకి, ఎడమ చెవిలోకి వెళ్ళి ఆగింది.

ఇంకోసారి. కుడి నుంచి ఎడమకి. అతనికో నియమం ఉంది, చాదస్తం అంటారు స్టూడియోలో, బొమ్మ ఎటు పోతే చప్పుడు అటే పోవాలి, కారు ఎడమకి పోతే చప్పుడు ఎడమకి, పిట్ట కుడికి ఎగిరితే రెక్కల చప్పుడు కుడికి. అంటే తెరమీద ఆ చెయ్యి కుడి నుంచి ఎడమకి రాస్తోంది. కళ్ళు తెరిచి చూసింది. అవును, రాస్తోంది. ఎవరు రాస్తారు స్వరాలు కుడి నుంచి ఎడమకి? పుర్రచేతి వాళ్ళయినా రాసేది ఎడమ నుంచి కుడికే కదా, పొద్దున అమ్మమ్మగారు దుప్పట్లు మూడు అని రాసిందీ అలాగే కదా, రాసిన అక్షరం మీదే చెయ్యి కప్పుకుంటూ. గుండె చిన్నపిల్ల తాడాట ఆడినట్టు ఎగిరింది. ఎడిటింగ్ నోట్‌బుక్ లాగింది, పేజీలు తిప్పింది, ఉంది, తన చేతిరాతే, పెళ్ళి ముందు రోజు తారీఖు, సగం గీతలు సగం పువ్వుల బొమ్మలు, వాటి మధ్య ఒక ముక్క: "చూపు కలవట్లేదు, చెయ్యి షాట్ తిప్పేశాను." అద్దంలో బొమ్మలా, కుడి ఎడమగా, ఎడమ కుడిగా. తనే! మేష్టారు ఒక పక్కకి చూస్తే చెయ్యి ఇంకో పక్క నుంచి వస్తోందని తనే తిప్పింది, తిప్పుతుంటే తలుపు దగ్గర రెండు టీలతో అతను, "రేపు ఈ టైముకి మనిద్దరం ఎక్కడుంటామో తెలుసాండీ?" అన్నాడు, తెలీకేం, తెలుసు, ఒళ్ళు తేలిపోయింది, చెయ్యి దానంతటది బొత్తం నొక్కింది, మనసు మర్చిపోయింది. తర్వాత అతను ఆ షాట్‌కి చప్పుడు చేస్తూ, చెయ్యి వెనక్కి పోతోందేంటి అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. తను తిప్పిందంటే ఏదో కారణం ఉంటుందనుకుని చప్పుడు కూడా వెనక్కి నడిపించాడు. తన తప్పు వెనకాలే, అంత నమ్మకంగా, ఒక చెవి నుంచి ఇంకో చెవికి.

ఎనభై ఆరు. నొక్కింది. పచ్చగీత ఆగి, మాయమైంది. పదకొండూ నలభై మూడు. షాట్‌ని తిన్నగా తిప్పింది, చప్పుడు ముక్కని కూడా అటుదిటు చేసింది, చూపు కలవకపోతే కలవకపోనీ. మేష్టారి కుడిచెయ్యి ఎడమ నుంచి కుడికి చుక్కలు పెట్టుకుంటూ పోయింది. అయినా, కాల్లో ముల్లు తీస్తే విరిగిన మొన లోపలే ఉండిపోయినట్టు, బతికి లేరు అన్న మాట ఉండిపోయింది. ఎక్స్‌పోర్ట్ మళ్ళీ మొదలుపెట్టి ఫోన్ చేసింది.

"అయిపోయిందా?" అన్నాడు అతను, వెనక ఎవరో గొంతు సవరించుకుంటున్నారు, డబ్బింగ్ గదిలో ఉన్నట్టున్నాడు.

"నకళ్ళు రాసినవాళ్ళు ఎవరూ బతికి లేరన్నావు."

అవతల తలుపు తీసి వేసిన చప్పుడు. గొంతు సవరింపు ఆగిపోయింది. "అన్నాను."

"ఎందుకు?"

"చంపెయ్యమంది."

"ఎవర్ని?"

"తన్నే. సినిమా మొదలైన రోజు ఇంటికెళ్ళి మేష్టారి మీద అని చెప్పగానే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. నా గురించి ఎవరైనా అడిగితే చచ్చిపోయిందని చెప్పరా, నీకు పుణ్యముంటుంది అంది. ఎందుకే అంటే గోడవైపు తిరిగి పడుకుంది. నాకూ తెలీదు, ఒట్టు. ఆ పాత కాగితాల్లో ఏమైనా ఉందేమో, ఆవిడ పేరు ఎక్కడైనా బయటపడుతుందేమోనని రోజూ అడుగుతూ ఉండేవాణ్ణి నిన్ను."

"టీ అందుకే తెచ్చేవాడివా?"

"మొదటి వారం," అన్నాడు. "రెండో వారం నుంచీ ఆ సంగతి అడగడం మర్చిపోతానేమోనని చేతి మీద రాసుకుని వచ్చేవాణ్ణి."

ఆమెకి నవ్వొచ్చింది. పొద్దుటి నుంచీ రానిది, వచ్చింది. "ఆ చెయ్యి ఒక్కసారీ చూపించనేలేదే," అనబోయి మానేసి, "గడియారానికి బ్యాటరీ తే ముందు," అని పెట్టేసింది. వెంటనే ఇంటికి చేసింది.

చాలాసేపు మోగాక అమ్మమ్మగారు ఎత్తింది. ఆమె చెప్పేసింది, దాచుకోలేదు, చిటికెన వేలెత్తిన పుర్రచెయ్యి కనపడిందనీ, అది మీదే, సంగీతమూ మీదేనేమో అనుకున్నాననీ, పొద్దుటి నుంచీ ఇంట్లో అందర్నీ దొంగలుగా చూశాననీ.

"నా చెయ్యా! నాదయితే ఆ కాగితం నిండా సిరా అలుక్కుపోయి ఉండేదే పిచ్చిపిల్లా. ఆ వేలంటావా, వేలెత్తి రాయి, వేలెత్తి రాయి అని తిట్టి తిట్టి నాకు నేర్పిందే ఆయన. అంత సంగీతం నేను రాస్తానుటే?" ఆవిడ నవ్వింది, నవ్వు మధ్యలోనే ఆగింది. "అందులో నాది ఒక్క చుక్కేనమ్మా."

"ఏ చుక్క?"

"ఎవరికీ చెప్పకు, వాడికి కూడా."

"చెప్పను."

అప్పుడు చెప్పింది, నెమ్మదిగా, ఎవరో పక్కగదిలో నిద్రపోతున్నట్టు. పెళ్ళయి తొమ్మిదో రోజు. వంతెన సంగీతానికి నకళ్ళు దించుతోంది, మేష్టారింట్లో పై గదిలో, ఆఖరిది క్లారినెట్‌ది. కింద వీధిలో ఈల వినిపించింది. మీ తాతగారే, ఇంకెవరు, ఆఫీసు నుంచి ఇంటికెళ్ళేవాడు తిన్నగా వెళ్ళొచ్చుగా, నా కిటికీ కింద నిలబడి ఈల. ఆ ఈలకి కలం ఒక గీత పైకి లేచింది. కింది గీత మీద పెట్టాల్సిన చుక్క పై గీత మీద పెట్టి, సరిచూసుకోకుండా మెట్లు దిగి పరిగెత్తింది. రాత్రి ప్రసారంలో ఆ క్లారినెట్ అతను కాగితంలో ఎలా ఉందో అలా పట్టాడు, పైన. "ఆయన కర్ర ఊపుతూనే తల తిప్పి అటు చూశారమ్మా. ఆ చూపు! ఎర్రపెన్సిల్ ఉండేది ఆయన దగ్గర, నకలులో తప్పుంటే దాంతో దిద్ది మొహాన కొట్టేవారు. మర్నాడు వెళ్తే నా కాగితం మీద అది ఉంటుందని తెలుసు. వెళ్ళలేదు. మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. కబురు పంపారు రెండుసార్లు, తిట్టడానికే అనుకున్నా. దేశం మొత్తం వింటుండగా ఆయన సంగీతం పాడుచేసిన దాన్ని నేను. ఇప్పుడు మీ సినిమావాళ్ళకి ఆ ముక్క తెలిసిపోతే..."

ఆమెకి ఏడుపొచ్చేలా ఉంది, నవ్వూ వచ్చేలా ఉంది, రెంటికీ ఒకటే గొంతు. లాప్‌టాప్ నుంచి హెడ్‌ఫోన్స్ వైరు పీకేసింది, గడ్డమాయన ఉన్నచోటికి జరిపింది, ఫోన్‌ని దానికి ఆనించి పట్టుకుంది. గడ్డమాయన గడ్డం నిమిరాడు. "మామూలువాడైతే ఇక్కడ స్వరాన్ని కిందికి దించేస్తాడు. ఈయన దించలేదు! వంతెన కలిసింది, కానీ కట్టినవాడి గుండె ఇంకా గాల్లోనే ఉంది. ఈ ఒక్క స్వరం చాలు, నూరేళ్ళకి ఒక్కడే పుడతాడు ఇలాంటివాడు." ఆ వెంటనే క్లారినెట్, ఒంటరిగా, దిగకుండా.

ఫోన్లో అమ్మమ్మగారి గొంతు, చాలా జాలిగా, "పాపం, ఆయనకి ఎవరూ చెప్పలేదామ్మా?"

"అమ్మమ్మా," అంది ఆమె, "గారు" ఎక్కడ జారిపోయిందో తెలీలేదు, "మీరన్న ఎర్రపెన్సిల్ నా ఎదురుగా తెరమీద ఉంది. మీ కాగితం మీద కాదు. మేష్టారి కాగితం మీద. ఆయన రాసుకున్న నల్లచుక్కని ఆయనే కొట్టేసి, పై గీత మీద ఎర్రచుక్క పెట్టుకున్నారు. మీరు పెట్టినచోటే."

తెరమీద పచ్చగీత ఏడు దగ్గర ఉంది. ఎనిమిదైంది. వ్యాఖ్యానంలో ఆ వాక్యం అలాగే ఉంటుంది, ఆ సంగీతమంతా పుట్టింది ఈ చేతిలోంచే అని, ఒక్క చుక్క తక్కువ నిజంగా, ఎవరికీ చెప్పనని మాటిచ్చింది కదా. అవతల మంచం కిర్రుమంది, గోడవైపు నుంచి ఇటువైపు తిరిగినట్టుగా. తొమ్మిది.

"మళ్ళీ పెట్టమ్మాయ్," అంది అమ్మమ్మ. "గడ్డమాయన వద్దు. చుక్క ఒక్కటే పెట్టు."